పన్నెండోవాడు

జట్టుకు పదకొండుగురు.
నేను పన్నెండోవాణ్ణి.
నా పని బంతి ఊదడం.

పంపు ఉండేది, మద్రాసు నుంచి తెప్పించింది,
మొదటి వారమే దాని తోలు వాచరును ఎలుక కొరికింది.
"ఒరే గురవరాజూ, నీ రొమ్ము కొలిమితిత్తి మాదిరుండాది,
నువ్వూదు" అన్నాడు డ్రిల్లు మాస్టరు చెంగల్రాయుడు.
అట్లా దొరికింది నాకు జట్టులో చోటు.

చిత్తూరు కాలేజీ అంటే ఏముంది అప్పుడు,
కచేరీ వెనక రెండు పెంకుటి గదులు,
ఎఫ్.ఏ. చదివే ముప్పయ్యొక్క మంది.
మైదానమంటే నీవా ఒడ్డున ఇసక నేల,
ఒకవైపు గోలుకు వెదురు గడలు,
రెండోవైపు గాడిదల్ని కట్టేసే రాళ్లు.

రబ్బరు గొట్టం నోట పెట్టుకుంటే
చేదు, పచ్చితోలు వాసన, నిన్నటి నా ఊపిరే.
కళ్లు బైర్లు కమ్మేదాకా ఊది
మూతి దారంతో బిగించి
ఓబయ్య ముందు పెట్టేవాణ్ణి.
చెప్పులు కుట్టే ఆరెతో తాడు లాగి
చెవి దగ్గర పెట్టుకుని తట్టేవాడాయన,
పుచ్చకాయ బేరమాడినట్టు.
"పలకతాండాది సామీ" అంటేనే ఆట.

ఆషాఢంలో పాకాల రైలోళ్లతో మొదటి మ్యాచి.
వాళ్లకు బూట్లు. మాకు పాదాలు.
నాలుగు, సున్నా.
గనీ మడమ మీద లేచిన బొబ్బకు పసుపూ వేపనూనె.
శ్రావణంలో రిజర్వు పోలీసులతో సమం.
మదనపల్లె వాళ్ల మీద గెలిచినాం గానీ
అది గెలుపని చెప్పుకోలేం,
వాళ్లలో ముగ్గురికి చలిజ్వరం.
ఆఫ్‌సైడంటే ఏందో మాస్టరుకే తెలీదు,
విజిలు ఆయన దగ్గరుండేది, అంతే.

శేషాచార్లు కథ వేరే.
పరిగెత్తితే పిలక నిక్కబొడుచుకుని వెనకాలే వస్తాండేది.
కాలితో ఏమన్నా చేస్తాడు, తల మాత్రం ఆనించడు.
తోలు గదా.
కాలికి తగిలితే కడుక్కోవచ్చు,
తలకు తగిలితే తలకే పోసుకోవాల,
వేళ గాని వేళ ఆ తడి జుట్టేందిరా అని
ఇంట్లో అవ్వ అడుగుతుంది.
ఎన్ని బంతులు వాడి నెత్తిమీదుగా
ఊరికే పోయినాయో!
సామ్యేలు నవ్వేవాడు.
ఓబయ్య నవ్వేవాడు కాదు.

కార్తీకంలో వేలూరు.
కోట పక్కన మైదానం, గట్టు నిండా జనం, అరవంలో కేకలు.
సగం ఆటకే రెండు గోల్స్ తినేసినాం.
నిమ్మచెక్కలు పంచినాను, బంతి మళ్లీ ఊదినాను,
ముడి వేస్తాంటే వేళ్లు వణికినాయి.
ఇంక రవంత సేపే ఉందనంగా
గనీ కొట్టిన బంతి తుంపర్లో పైకి లేచి
దిగుతాంది, దిగుతాంది,
శేషాచార్లు దాన్నే చూస్తాండాడు,
కాలికందే ఎత్తు కాదు.
నేను కళ్లు మూసుకున్నాను.
చప్పుడు విన్నాను,
ఓబయ్య తట్టినట్టే, ఇంకొంచెం గట్టిగా.

రెండు, ఒకటి. ఓడిపోయినాం.
ఆ ఏటికి అదే ఆఖరు.

కాట్పాడిలో రైలాగినప్పుడు
ఇంజనుకు నీళ్లు పోసే గొట్టం కింద
పంచెతో నిలబడినాడు శేషాచార్లు.
డ్రైవరు గొలుసు లాగినాడు.
ఒక మనిషి మీద అన్ని నీళ్లు నేనెప్పుడూ చూడలేదు.
పళ్లు టకటకలాడతా
"గోలే గదా? గోలే గదరా?" అని
కనపడినోళ్లనల్లా అడుగుతాండాడు.

మర్నాడు బంతి ఓబయ్యకిచ్చినాను.
తోలు మీద సన్నటి ఎర్రగీత, తిరుచూర్ణం.
నూనెగుడ్డతో బంతంతా తుడిచి
ఆ గీత దగ్గరికొచ్చి
చుట్టూ తిప్పి వదిలేసినాడు.
నేనడగలేదు.

ఫోటోలో పదకొండుగురు, మాస్టరు,
ముందు బంతి, దాని మీద సున్నంతో సంవత్సరం.
నన్ను పక్కన గొడుగు పట్టుకోమన్నారు.
"అందరూ ఊపిరి బిగబట్టండి" అన్నాడు ఫోటో ఆయన.
నాది అప్పటికే బిగించి ఉంది.

అందరూ పోయినాక తాడు విప్పినాను.
బుస్సుమని ముఖాన కొట్టింది, వెచ్చగా,
రబ్బరు, తోలు,
పొద్దున సంగట్లో కొరికిన ఎర్రగడ్డ.