తంగేడు చెక్క వాసన

కల్వకుర్తి నుంచి డిండి పోయే తొవ్వల
మా చర్చికి గోడలు మూడే.
నాలుగోది కడ్తమన్న ఏడు కరువొచ్చింది.
ఆ తెరిపి దిక్కు గుట్ట కనపడేది,
గుట్ట నిండ సీతాఫలం చెట్లు,
చెట్ల కింద గుత్తేదారు పెట్టిన కావలి.

అందుకే నతానియేలు పాస్టరు
ఆదికాండం తీసినప్పుడల్లా
పిల్లలం అటే చూసేటోళ్లం.
ఏం పండో అండ్ల రాయలేదన్నడు.
రాయకుంటే ఏంది, మాకెర్కే.
కాయ పక్వానికొస్తే మా దిక్కు
కండ్లు తెరిసిందంటరు.
తిన్నోళ్లకు కండ్లు తెరుసుకున్నయంటే
ఇంకేం పండైతది?

మా తాత గాలెన్న.
బాప్తిస్మంల పెట్టిన పేరు గమలీయేలు.
ఆ పేరుతోని పిలిచినోడు పాస్టరొక్కడే.
పిలిస్తే తాత వెనక్కి తిరిగి చూసేటోడు,
ఇంకెవర్నో అనుకొని.

మన్ను పిసికి మనిషిని చేసిన కాడ
"కుమ్మరి పని" అని గొణిగేటోడు.
ఆకులు కుట్టి చుట్టుకున్నరంటే
పుల్ల కుట్టా, దారం కుట్టా అని
నాయనమ్మను గెలికేటోడు.
ఆమె మోదుగాకు విస్తర్లు కుడ్తది,
ఆకు సంగతి ఆమెకెరుక.
"పొద్దు నెత్తిమీదికొస్తే ఫెళఫెళ ఇరుగుతది.
మాపటిదాంక ఆగదు ఆ మరుగు."

ఆ ఆదివారం పాస్టరుకు తొందర.
పామును తిట్టిండు,
అవ్వను ఇంకింత తిట్టిండు
ఆడోళ్ల చాప దిక్కు చూసి మరీ.
ముండ్లు, గచ్చపొదలు, చెమట, మన్ను
అన్నీ మా చెల్కల్లనే ఉన్నయి, కొత్తేం గాదు.
కెరూబులు, కత్తి.
తోట తలుపు మూసినట్టే బుక్కు మూయబోతుంటే
తాత లేసి నిలబడ్డడు.

"నడ్మ ఒక్క మాట మింగినవు, అయ్యా.
మల్లోపారి సదువు.
అంగీలు ఎవరు కుట్టిండ్రు?"

పాస్టరు వేలితోని వెదికిండు.
దేవుడే.
"దేంతోని?"
తోలుతోని.

బయట మేక ఒకటి దగ్గింది.

తాత చేతుల దిక్కు చూసుకుంట అన్నడు:
"తోలంటే ముందుగాల ఒక జీవం సావాలె.
దాన్ని ఎవరో ఒకరు మొయ్యాలె, తోట అంచుకు.
కొయ్యాలె, బొచ్చు గీకాలె,
తంగేడు చెక్క దంచి లందల నానెయ్యాలె.
ఆయినె మాటంటే ఎలుగొచ్చింది,
మాటంటే చేపలొచ్చినయి.
అంగీ మటుకు మాటతోని రాలే. కుట్టిండు.
కుట్టిండంటే కంపు అంటింది చేతులకు,
నాకంటినట్టే.
కొలత గూడ తీసే ఉంటడు.
దొర చెప్పులకు మా అయ్య
కాలు ముట్టకుండ, మన్నుల అడుగు పడ్డంక
పుల్లతోని కొలిచెటోడు.
ఆయినె జానతోని కొలిచిండు,
తన మాట ఇననోని భుజం మీద చెయ్యేసి."

కూసున్నడు.
దేవుని చేతులకు ఒక వాసన ఉంటదని
అప్పటిదాంక మా చర్చిల ఎవరూ అనుకోలే.
పాస్టరు ప్రార్థనకు కండ్లు మూసి
శానసేపు ఏం అనలే.

ఆ మాపే నేను గుట్టెక్కిన.
రెండు కాయలు, కండ్లు తెరిసినయి.
"ఏడున్నవే" అని కావలోడు ఒర్లితే
కంపల దాసుకున్న, గౌను చినిగింది.
తాత కాయలు చూసిండు, గౌను చూసిండు.
ఏమని తిట్టిండో యాది లేదు, బానే తిట్టిండు.
తిట్టుకుంటనే కుట్టిండు
చెప్పులు కుట్టే దారంతోని.
వారం దినాలు ఆ కుట్టు
నడుముకు గీసుకుంటనే ఉండె.

ఇప్పుడు చర్చికి నాలుగో గోడ ఉంది,
గోడకు ఫ్యాను ఉంది, గుట్ట కనపడదు.
లంద పూడ్చిన జాగల వాటర్ ప్లాంటు నడుస్తది.
తాత ఆరె నా బైబిల్ల ఉంది, మూడో అధ్యాయం కాడ.
కాయితం మీద తుప్పు మరక.
అప్పుడప్పుడు ముక్కు దగ్గరికి తెచ్చుకుంట.
తుప్పు వాసనే. తంగేడు లేదు.
ఆరె అడ్డమొచ్చి
బుక్కు సరిగ్గ మూతపడదు.