రెండు చెవులూ కనపడాలి

నుమాయిష్ మూటాముల్లె సర్దుకునే వారం
నాంపల్లి పబ్లిక్ గార్డెన్‌లో
బాదం చెట్లు ఎర్రబడతాయి.
ఈ ఊరికి ఆకురాలు కాలం అంటే అంతే,
పది పన్నెండు రోజులు.
ఆ తర్వాత ఎండలే.

ఇరవై ఆరేళ్లుగా చిక్కడపల్లిలో
పాస్‌పోర్టు ఫొటోలు తీస్తున్నాను.
తెల్ల గుడ్డ ముందు స్టూలు.
గడ్డం కొంచెం పైకి. నవ్వొద్దు.
రెండు చెవులూ కనపడాలి.
ఆదివారం ఒక్కపూట షట్టర్ దించి
ఆకుల దగ్గరికొస్తాను.

ఆకుకు చెవులుండవు.
మొదటి ఏడాది అది తట్టక
ప్రతి ఆకునూ నడిమధ్యన కూర్చోబెట్టాను,
నిటారుగా, నీడ పడకుండా,
వీసాకు పోతున్నట్టు.
ప్రింట్లు వేసి చూస్తే
అన్నీ భయపడ్డ మొహాలే.

మెల్లగా తెలిసింది.
ఆకంతా అక్కర్లేదు.
నడిమి ఈనెను మూల నుంచి మూలకు పారనివ్వాలి,
దాన్నుంచి చీలే పిల్ల ఈనెలు
ఎక్కడికి పోతాయో చెప్పకుండానే
అంచు దగ్గర ఆపెయ్యాలి.
ఎరుపు పసుపులోకి దిగే చోట
ఇంకా ఎటూ తేల్చుకోని పచ్చ ఒకటి ఉంటుంది,
గోరంత.
ఫోకస్ అక్కడ.
మోకాళ్లు మట్టిలో, మోచేతులు పక్కటెముకలకు,
ఊపిరి బిగబట్టి
వేలు నొక్కేలోపు
లక్డీకాపూల్ వైపు ఒక బస్సు పోతుంది.
ఆకు ఊగుతుంది.
మళ్లీ మొదటి నుంచి.

"గంట సంది ఒక్క ఆకేనా సారూ?"
చీపురు భుజానికానించి మల్కమ్మ.
"నేను పొద్దుగాల్నే నాలుగు బండ్లెత్తిన."
నా చుట్టూ ఊడ్చింది,
నా ఆకును మాత్రం వదిలేసి,
తడి ఆరని ముగ్గును దాటినట్టు.

కాసేపటికి కుప్పలోంచి తనే ఒకటి ఏరుకొచ్చింది.
పురుగు తిన్నది. నడుమ రూపాయంత చిల్లి.
ఇలాంటివి ఎన్ని పక్కకు నెట్టానో,
దుకాణంలో మొటిమలు చెరిపే చేత్తోనే.
"గిది దియ్యి. పాపం, దీన్నెవరు దీస్తరు?"

కాదనలేక, ఎత్తి పట్టుకోమన్నాను.
చిల్లి అంచు
బీడీ నిప్పు పడ్డ గుడ్డలా కమిలి ఉంది.
లోపల మాత్రం
మెత్తగా, మసగ్గా, నారింజ రంగు.
వెనక ఏ పువ్వుందా అని కన్ను తీసి చూస్తే
కార్పొరేషన్ వాళ్లిచ్చిన ఆమె కోటు.

ఎనిమిది తీశాను.
ఏడు కదిలిపోయాయి. గాలి కాదు,
మూడున్నరకే లేచిన చెయ్యి అది.
ఒకటి నిలిచింది.

చూపించాను. "ఇండ్ల నేనేడున్న?"
చిల్లిలో, అన్నాను.
"ఆఁ, మంచిగనే ఉన్నగని
బ్యాంకు కాయితాలకు గిది నడ్వది.
రెండు ఫొటోలకు ఎంత దీసుకుంటవ్?"

సోమవారం వచ్చింది.
తెల్ల గుడ్డ ముందు, స్టూలు అంచున
లేచిపోయేలా కూర్చుంది.
కొంగు కొంచెం వెనక్కి, అన్నాను.
గడ్డం పైకి.
రెండు చెవులూ కనపడాలి.

ఎడమ చెవి తమ్మె
ఏనాటి కమ్మ బరువుకో తెగి
రెండు పాయలుగా ఉంది.

తలుపు వేసే ఉంది. ఫ్యాను ఆపే ఉంది.
ఊగేదేమీ లేదు.
అయినా
ఊపిరి బిగబట్టాను.