నలభై మూడు

శనివారం శనివారం ఐసుపెట్టె భుజానేసుకుని
హబ్సిగూడ నుంచి రెడ్‌హిల్స్ ఆసుపత్రికి వస్తాను.
కోసి తీసిన కండ ముక్కలు, పేర్లుండవు,
నంబర్లుంటాయి. కాగితం తీసుకుని పట్టుకుపోతాను.
ఇవాళ సంతకం పెట్టాల్సిన డాక్టరు ఆపరేషన్‌లో ఉన్నాడు.

బల్ల మీద నా పక్కన గౌసుద్దీన్ సాబ్.
మొగల్‌పురాలో నలభై ఏళ్లు వరఖ్ కొట్టిన చెయ్యి.
ఎడమ బుగ్గలో నిమ్మకాయంత గడ్డ.
"డబ్బాల ఏముంది బేటీ, కుల్ఫీనా?"
నవ్వితే సగం నోరే తెరుచుకుంటుంది.

గట్టిగా మాట్లాడాలి. చెవులు సుత్తికిచ్చేశాడు.
జింకతోలు పుస్తకంలో ఆకుకో బంగారు తునక పెట్టి
పొద్దున్నుంచి అసర్ నమాజు దాకా కొడితే
ఊపిరి తగిలితే లేచిపోయేంత పల్చనయ్యేదట.
"ఒక్క అక్షరం లేని కితాబు. నేను చదివింది గదొక్కటే."

మేమూ బంగారమే పల్చన చేస్తాం సాబ్, అన్నాను.
సుత్తితో కాదు, సీసాలో.
మీ వరఖ్ మందంలో మా కడ్డీలు పది పేర్చొచ్చు.
అంత చిన్నదయ్యాక అది పచ్చగా ఉండదు,
నేరేడుపండ్లు కడిగిన నీళ్ల రంగు.
ఆయన నమ్మలేదు.
"పచ్చగ లేనిది సోనా ఎట్లయితది?"

ఎట్లా చెప్పను?
కడ్డీ చుట్టూ కొవ్వు పొర, పొరలో మందు,
మొన్న మీ నరంలోకి ఎక్కించిన దాని చుట్టమే.
మీ గడ్డం రాల్చింది, అన్నం చేదు చేసింది చూడండి,
ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టు.
మాదైతే తలుపు మూసుకుని తిరుగుతుంది.
గడ్డలో చేరాక పైనుంచి ఒక వెలుగు వేస్తాం,
కంటికి ఆనదు, చర్మం దాటి పోతుంది.
కళ్లద్దాలు పెట్టుకుని చీకట్లో నిలబడతాను.
ముప్పై తొమ్మిది. నలభై ఒకటి.
నలభై మూడు దగ్గర కొవ్వు కరిగి తలుపు తెరుచుకుంటుంది,
వేడికి సొమ్మసిల్లిన కణం మీద మందు పడుతుంది.
తెర మీద ఒళ్లంతా నీలం, గడ్డ ఒక్కటే పసుపు.
అక్కడ మాత్రం అది సోనాలాగే ఉంటుంది సాబ్.

"నలభై మూడా? మే నెలల పత్థర్‌గట్టీ గంతే గద!"

అంతే. పత్థర్‌గట్టీ ఎండ, శనగగింజంత చోట, పది నిమిషాలు.

ఎవరికి చేసిన్రు, అని అడిగాడు.
ఎలుకలకు.

పదిహేడో నంబరు ఎలుక గురించి చెప్పాను.
తొడ మీది గడ్డ మాడి, పెచ్చు కట్టి, రాలిపోయింది.
ఆ రోజు క్యాంటీన్‌లో అందరికీ ఉస్మానియా బిస్కెట్లు కొన్నాను.
ఇరవై ఆరో రోజు అంచున మళ్లీ మొలిచింది,
వెలుగు చేరని వైపు.
ఇది చెప్పకుండా ఉండొచ్చు. చెప్పాను.
వెలుగు లోతుకు పోదు సాబ్,
చిటికెన వేలి గోరంత పోతే గొప్ప.

ఆయన కాసేపు గోడవైపు చూశాడు.
తర్వాత గాలి నింపి, నొప్పికి ఒక కన్ను మూతపడుతుంటే,
బుగ్గ ఉబ్బించి ట్యూబ్‌లైటు వైపు తిప్పాడు.
గాలి వదిలి అన్నాడు:
"బుగ్గ పల్చగనే ఉంటది గద బేటీ."
మళ్లీ ఉబ్బించాడు.

నిజమే. పల్చనే.
కొలిస్తే మేం రాసుకున్న లోతుకన్నా తక్కువే ఉండొచ్చు.
కుందేళ్ల మీద చూడాలి ఇంకా, పందుల మీద, నాలుగు కమిటీలు,
బంగారం కాలేయంలో ఎన్నాళ్లు కూర్చుంటుందో తేలాలి.
ఇవన్నీ అరిచి చెప్పాల్సిన మాటలు.
వరండాలో అరవై మంది ఉన్నారు.

కిటికీలోంచి పిలిచారు, నూట పన్నెండు.
మళ్లీ పిలిచారు.
ఆయన చేతిలో చీటీ, నూట పన్నెండు,
బుగ్గ ఇంకా వెలుతురు వైపే ఉంది.

ఐసుపెట్టె మూలనుంచి నీళ్లు నా చెప్పుల్లోకి కారుతున్నాయి.
భుజం తట్టాను.