పోపు ఎరగనివాడు

కాశీనగరం చివరి వీధిలో ఆ ఆషాఢం
కాళ్ళు పొంగిన ఇళ్ళు పదకొండు.
వేలితో నొక్కితే గుంట.
ఆ గుంట మళ్ళీ నిండేలోపు
ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెప్పేవారు.
ఇసక కోసం వంశధార కడుపు కోసేశారు,
ఏటి ఉసురే ఇది అంది దాలమ్మ.
కొత్త బోరు నీళ్ళన్నారు. పాత చేతబడన్నారు.
ఆసుపత్రి చీటీలో "గుండె బలహీనం" అని ఉంది,
వీధి మొత్తానికీ ఒకే గుండె ఉన్నట్టు.

నేను నర్సుని. గళ్ళ నోటుబుక్కు పట్టుకుని తిరిగాను.
ఏ బోరు నీళ్ళు, ఎవరి పక్కన ఎవరు పడుకుంటారు,
నిన్నేం వండారు, మొన్నేం వండారు.
"కూర రుచడిగితే వాపు దిగుతాదేటమ్మా?"
నవ్వుతూనే ఆయాసపడ్డాడు తవిటయ్య.

పాత బోరు వాళ్ళూ పొంగారు,
కొత్త బోరు వాళ్ళలో సగంమంది పొంగలేదు.
బోరు కొట్టేశాను.

నరసాయి ఇంట్లో పెన్ను ఆగిపోయింది.
ఆమె కాళ్ళు అరటిబోదెలు, ఏడేళ్ళ పిల్లకీ అంతే.
ఒళ్ళో అయిదు నెలలవాడు మాత్రం
సన్నటి మడమలతో తన్ని నా పెన్ను లాక్కున్నాడు.
అదే గాలి, అదే పక్క, అవే దోమలు.

రాత్రి మా ఇంట్లో ఆవాలు చిటపటమంటుంటే తట్టింది:
వాడింకా పోపు ఎరగడు.

పదకొండిళ్ళకీ ఆవనూనె పోలయ్య గానుగదే.
పర్లాకిమిడి లేబు కుర్రాడు సీసాలో యాసిడ్ చుక్కలేసి
"ఎర్రబడింది మేడం" అని ఫోను చేశాడు,
పరీక్ష పాసైనంత సంబరంగా.

పోలయ్య గానుగ ఆపి కూచున్నాడు.
పంచె కింద అతని కాళ్ళూ పొంగే ఉన్నాయి.
"నానేటీ కలపనేదమ్మా."
నిజమే. చేనే కలిపింది.
ముళ్ళాకులు, పచ్చటి పూలు, బలురక్కసి;
దాని గింజ ఆవగింజకి తోబుట్టువులా ఉంటుంది.
పోయిన రబీలో కలుపు తియ్యడానికి మనుషుల్లేరు,
ఇటుక బట్టీలకి పోయారు.
ఎందుకు పోయారంటే
ఫారంలో ఆ గడి లేదు.
"కారణం" దగ్గర "కల్తీ నూనె" అని రాసి సంతకం పెట్టాను.
పోలయ్య దాన్ని చదవలేడు,
నా మొహం చదివాడు.

వచ్చే నెల బుడ్డోడికి అన్నం ముట్టిస్తారట.
నరసాయి రెండు సీసాలు తెచ్చి
ఒకదాని తర్వాత ఒకటి నా ముక్కు దగ్గర పెట్టింది.
"ఏది మంచిదో సెప్పమ్మా."
రెండూ ఒకే వాసన.