బస్రా రాయి

సరియాపేటలో వంశధార గట్టు దిగే చోట
నడుమెత్తు నల్లరాయి.
"ఈ గ్రామము నుండి యుద్ధమునకు వెళ్లినవారు 11
తిరిగి రానివారు 3."
మద్రాసు దొరతనం నాటి తెలుగు.

ముప్ఫయ్యారులో ఊరు ఒడిశాలోకి వెళ్లింది,
రాయి ఉన్నచోటే ఉంది.
ఇప్పుడు పంచాయతీ రంగు వెయ్యమంది,
పైన ఒడియాలో, కింద పాత తెలుగులో,
అక్షరానికి ఆరు రూపాయలు.

అడుగున సున్నం గీకితే మూడు పేర్లు.
బమ్మిడి సూరప్పడు.
సవర జమ్మయ్య.
గేదెల గవరయ్య.

పైకి చదివాను.
గొర్రెలు తోలుకొస్తున్న చిన్నమ్మడప్ప ఆగి నవ్వింది.
"గవరయ్య మా తాత కదేటి!
నా పెళ్లయ్యాక పోయాడు, జీడితోటలో, పాము కరిచి."

పేర్లు రాసుకుపోయిన రాత్రి
తల్లి కొడుకుని వడ్లగాదెలో దాచిందట.
తలకి తల కావాలన్నాడట అమీను.
రెండు కుంచాల చోళ్లకీ, తండ్రి బాకీ చెల్లుకీ
ఇంటి పాలికాపు వేలిముద్ర వేశాడు,
గవరయ్యనని.

బస్రా అంటే బస్తరే అనుకున్నారు ఆడవాళ్లు,
జయపురం ఘాటీ అవతలిదే కదా అని.
సూరప్పడి పెళ్లాం
ఉప్పు బళ్ల వెంట కొండలెక్కి
నెల తరవాత తిరిగొచ్చి చెప్పింది:
"అక్కడ యుద్ధం నేదు, సంత ఉంది."

రాయి మీద చచ్చిపోయినోడు
గాదెలోంచి దిగొచ్చి పెళ్లి చేసుకున్నాడు, పొలం దున్నాడు.
ఊరు గాదెయ్య అంది.
మొదటి ఓటు కూడా ఆ పేరుతోనే వేశాడు.
పింఛను కాగితం వస్తే
పోస్టుజవాను చేతికే తిరిగిచ్చి
రెండ్రోజులు అన్నం ముట్టలేదట.

"మరి ఆ పాలికాపు పేరేటి?"
అప్ప తలగోక్కుంది.
గొర్రె ఒకటి రాయికి ఒళ్లు రుద్దుకుంటోంది.
"తాత 'ఆడు' అనేవోడంతే.
వాన పట్టిందంటే
ఆడు తడిసిపోతాడే గుంటా అని
పరిగెత్తి రాయికి గోనె కప్పేవోడు."

గవరయ్యని నల్లరంగుతో నింపాను,
ఉన్న గాడిలోనే.
సర్పంచి వచ్చి వేలుపెట్టి అక్షరాలు లెక్కేశాడు,
తప్పుల్లేవన్నాడు, డబ్బులిచ్చాడు.

మహేంద్రగిరి వైపు మబ్బు దిగుతోంది.
రంగు ఇంకా పచ్చిగానే ఉంది.
గోనె ఉందా అని
అప్పని కేకేశాను.