జీరో టికెట్

ఆధార్ కార్డు చూపిస్తే
కండక్టర్ జీరో టికెట్ చింపి ఇచ్చిండు.
"తాడ్వాయిల ఎవరున్నరమ్మా మీకు?"
ఎవరు లేరు, అందుకే పోతున్న
అనలే. కిటికీ దిక్కు మళ్లిన.

హన్మకొండ చౌరస్తాల ఇంకా లైట్లు ఆరలే.
ములుగు దాటేసరికి తెల్లారింది.
పస్రా కాడ ఫోన్ల సిగ్నల్ గీతలు
ఒక్కొక్కటే పండుకున్నయ్,
పాలు తాగిన పిల్లల లెక్క.

ఇరవై రెండేండ్ల సంది నా పని నెత్తురు తీసుడు.
పిడికిలి బిగించుమంట, నరం దొరకబడత,
సీసా మీద పేరు, వయసు, వార్డు రాసి చీటీ అంటిస్త.
నా ముందట చెయ్యి చాపినోళ్లెవరు
నవ్వుకుంట చాపలే.
ఇయ్యాల ఆదివారం.
ఇయ్యాల నా చేతులకు
ఒక టిఫిన్ డబ్బా, ఒక నీళ్ల సీసా, అంతే.

దిగిన కాడ్నించి ఎర్రమట్టి బండ్లబాట.
టేకాకు రాలే కాలం,
అడుగేస్తే అప్పడం విరిగిన చప్పుడు.
మొదటి అరగంట ఆ చప్పుడుకు నాకే సిగ్గయ్యింది,
ఆపరేషన్ థియేటర్ల చెప్పులతోని నడిచినట్టు.
తర్వాత కావాలనే
ఆకు కుప్పవడ్డ కాడల్లా కాలు పెట్టిన.
నలభై ఏడేండ్ల మనిషిని.
చూసెటోళ్లు లేరు కదా.

నల్లమద్ది మొసలితోలు కప్పుకుంది.
తపసి చెట్టు ఒంటిమీద పోగు లేకుండ తెల్లగ నిలబడ్డది.
మోదుగకు ఆకు లేదు, మొహమాటం లేదు, ఒళ్లంత పూలే.
ఆ ఎరుపు చూసి నా చెయ్యి
అలవాటుకొద్ది పెన్ను దేవులాడింది.
ఏ పేరు రాయాలె? ఏ వార్డు?
నాకు తెలిసిన చెట్లు లెక్కవెడితే పదకొండు.
మిగిలినయన్ని పేరు రాయని సీసాలు.
డ్యూటీల అయితే మెమో ఇస్తుండిరి.

వాగు ఎండింది.
ఇసుకల చాటెడంత మడుగు,
దాని చుట్టు పిట్టకాళ్ల గుర్తులు:
ఎవరో కొత్తగ కుట్టు నేర్చుకుంట వేసిన వంకర కుట్లు.
బండ మీద కూసోని సద్ది విప్పిన.
రాత్రి అన్నంల పచ్చిపులుసు, కాల్చిన ఎండుచేప.
నడుమల ఎవరు "మేడం, రిపోర్టు" అనలే.
ఒక ముద్ద నమిలి మింగెటందుకు
ఇంతసేపు పడతదా!

ఆడనే కలిసిండు వట్టం పాపయ్య,
భుజాన కావడి, నెత్తిన తువ్వాల.
"ఒక్కదానివేనా?"
"ఆ."
"తొవ్వ తప్పినవా?"
"లేదు."
ఇంకేం అడగలే.
దోసెడు ఇప్పపూలు బండ మీద పోసి
"గుట్ట మీద రాకాసి గుళ్లున్నయ్, చూసిపో.
మూడు దాటినంక ఉండకు,
ఈ పూలకు ఎలుగుబంటి కూడ వస్తది" అన్నడు.
పోయిండు. మళ్లి చూడలే.
అంత మర్యాదగ నన్ను నాకు
ఈ మధ్యల ఎవరు వదిలిపెట్టలే.

గుట్ట మీద నాలుగు బండలు నిలువుగ,
ఒక బండ కప్పుగ, అట్ల ఎన్నో.
లోపట పండుకున్నోళ్లు ఎప్పుడో మట్టయిన్రు.
ఏ గూటికీ చీటీ లేదు.
వంగి ఒకదాంట్ల దూరిన.
చల్లగుంది, గబ్బిలం వాసన.
మూలకున్న తొండ తల ఊపింది, కూసో అన్నట్టు.
కూసోని నా మణికట్టు నేనే పట్టుకున్న.
లెక్క నలభై దాక పోయింది,
బయట ఏదో పిట్ట కూసింది,
తప్పింది.
మళ్ల మొదలువెట్టలే.

దిగుతుంటే నిజంగనే తొవ్వ తప్పిన.
ఇరవై నిమిషాలు. భయమయ్యింది, అబద్ధమెందుకు.
పాపయ్యకు "లేదు" అన్న మాట
నోట్ల చేదుగ తిరిగింది.
అప్పుడు కనబడ్డది ఒక ఇప్పచెట్టు,
దాని కింద శుభ్రంగ ఊడ్చిన నేల.
చీపురు గీతలు తొక్కకుండ
పక్కపొంటి నడిచి రోడ్డెక్కిన.

ఆఖరి బస్సు. కండక్టర్ వేరే, టికెట్ అదే.
"పనయ్యిందా అమ్మా?"
"అయ్యింది."
కూసోని, పైజామ అంచుకు పట్టిన
ఉత్తరేణి గింజలు ఒక్కొక్కటి పీక్కుంట వచ్చిన.
పస్రా రాంగనే ఫోన్ మోగింది,
పదిహేడు సార్లు, ఆగకుండ.

పీకుడు ఆపిన.
మిగిలిన ఐదారు గింజలు
రేపు నాతోని డ్యూటీకొస్తయ్.