గేజీ

క్యాలెండరు కాగితం ఎనుక దిక్కు
నెత్తిమీది ఖర్చు రాస్తున్న.
యాభై వేల చీటి
ముప్పై ఆరుకు పాడి ఎత్తిన.
గోడలు లేసినయి, సిమెంటిటుకలకు
ఇంక సున్నం తగల్లేదు.
ఇప్పటికైతె పైన ఆకాశమే,
దానికి పైసలడిగెటోడు లేడు.

చండూరు దుకాణంల సేటు
రేకును వేలితోటి కొట్టి ఇనిపించిండు.
మందంది అడుగు నూట పదిహేను,
పల్చంది ఎనభై ఎనిమిది.
మా ఆయిన రెండిటి నడుమ నిలవడ్డడు.
నేను రేకు అంచును
రెండు వేళ్ల నడుమ పట్టి చూసిన,
నూలు చూసినట్టే.
కౌంటు పెరిగితె పోగు సన్నం, ధర ఎక్కువ.
గేజీ పెరిగితె రేకు సన్నం, ధర తక్కువ.
ఒక సన్నం సీరె అయితది,
ఒక సన్నం గాలిదుమారానికి లేసి
పక్కోళ్ల పత్తిచేన్ల పడ్తది.

ఇర్వై నాలుగడుగుల ఇల్లు, రెండు వాలులు,
పన్నెండడుగుల రేకులు పదహారు:
ఇర్వై రెండు వేల ఎనభై.
పైపులు పదకొండు వేల నాలుగొందలు.
నడిమిట్ల కప్పే మడత రేకులు పంతొమ్మిదొందల ఇర్వై.
స్క్రూలు, నల్ల వాషర్లు పన్నెండొందల యాభై
(ఇంత చిన్నయి ఇంతెందుకు అంటె
వాన వచ్చేది ఆ బెజ్జాలకెల్లే కదమ్మా అన్నడు సేటు).
ట్రాలీ ఆటో ఏడొందలు.
వెల్డింగు గౌసుకు ఆరు వేలు, చాయ్ మీదే అన్నడు.
నవనీత ఫోన్ల కూడింది.
నలభై మూడు వేల మూడొందల యాభై,
చాయ్ కాకుండ.
ఇంకోపాలి కూడు బిడ్డా అన్న.
రెండోపాలి సుత తక్కువ కాలే.

పల్చందే తీసుకుందామన్నడు ఆయిన.
అయిదు వేలు తగ్గుతయి,
మిగిలిన రెండు వేలు యాడన్న తెస్త.

మరి మగ్గం యాడ దింపుతం? అన్న.
తోటికోడలు అనసూయ ఇంట్ల రేకుల కిందనే మగ్గం.
పోయిన ఎండకాలం పడుగు
పటపట తెగిపాయె.
పొద్దంత అతుకుడే,
మాపటికి నేసింది జానెడు.
తడిగోనెలు కప్పినా, నీళ్లు జల్లినా
గడియల ఆవిరి.
రేకు కింద మనిషన్న ఉంటడు గని
పోగు ఉండదు.

కూలిన పాతింటి గూనపెంకలు
గోడకు పేర్చి ఉన్నయి.
ముగ్గురం కూసోని ఏరినం.
పగిలినయి పోను పదమూడొందల చిల్లర.
చెద తినని వాసాలు తొమ్మిది దొరికినయి.
మగ్గం అర్ర మందం పెంక ఏస్తె
నాలుగు రేకులు తగ్గినయి,
రెండు వేల పైపు తగ్గింది.
మిగిలిన పన్నెండూ మందంవే.
ముప్పై అయిదు వేల ఎనిమిదొందల ముప్పై.
చేతిల నూటా డెబ్బై.
ఇగో, చాయ్ దీంట్లనే.

"మగ్గానికి చల్లగ, మనకు పెనమా?"
అని నవ్వింది నవనీత.
ఏం చెప్పాలె దానికి.
ఎండలు ముదిరితె మనమే పోయి
మగ్గం గుంటల కాళ్లిడిసి పండుదాం అన్న.

మాపటీలి గౌసు వచ్చి టేపు పట్టి కొలిచిండు.
అంత బాగనే ఉందన్నడు.
పెంక, రేకు కలిసే కాడ మాత్రం
కారితె నన్ను అడగొద్దు పెద్దమ్మా,
ఆ అతుకు నా చేతిల పని కాదు అన్నడు.

కాగితం మీద ఆ జాగను
గుండ్రంగ చుట్టిన.
దాని ముందట
ఇంక ఏ అంకె రాయలే.